కండ్లు మూస్కో... ఒందా, ఎరడా?

జహీరాబాద్‌లో మా బస్వరాజ్ చేత కళ్ళు మూయించుకోని మనిషి లేడు. ఒకవేళ ఉంటే, వాడు నిన్ననే బదిలీ మీద వచ్చి ఉండాలి. రేపో ఎల్లుండో వాడి వంతూ వస్తుంది.

మీరు మిక్సీ రిపేరుకు ఇద్దామని ఆయన కొట్టుకు వెళ్ళారనుకోండి. బస్వరాజ్ మిక్సీ వైపు చూడనే చూడడు. కొట్టు మధ్యలో ఉన్న పాత స్పీకర్ డబ్బా మీద మిమ్మల్ని కూర్చోబెట్టి, "జల్ది కండ్లు మూస్కో!" అంటాడు. మూసుకుంటారు. ఆ గొంతులో అంత తొందర ఉంటుంది మరి! చెవి పక్కన టింగ్...మని ఒక గంట మోగుతుంది. కాసేపు ఆగి మళ్ళీ టింగ్...మంటుంది. "చెప్పు, పాతదేది? ఒందా, ఎరడా?"

ఒందు అంటే ఒకటి, ఎరడు అంటే రెండు. బస్వరాజ్ వాళ్ళ తాతలు బీదర్ వైపు నుంచి వచ్చారు. మామూలుగా మా అందరిలాగే తెలుగు మాట్లాడతాడు. ఉత్సాహం వచ్చిందంటే మాత్రం లెక్క కన్నడంలోకి దిగిపోతుంది. ఆయనకు ఉత్సాహం రాని పూట నేనింతవరకు చూడలేదు.

మీరు ఏం చెప్పినా చిక్కే. సరిగ్గా కనిపెట్టారనుకోండి, "అయ్యో, దొరికిపోయిన!" అని నెత్తి కొట్టుకుని ఆ పూటంతా పాటల కీబోర్డుకే అతుక్కుపోతాడు. తప్పు చెప్పారనుకోండి, "నీకు చెవులే లేవు, నీ మాట ఎట్ల నమ్మాలె?" అని మళ్ళీ మొదటి నుంచి వినిపిస్తాడు. రెండు రకాలుగానూ మిక్సీ రిపేరు కాదు.

ఇక నా ఏడుపు వినండి. నా పేరు జగదీశ్. బస్టాండు వెనక సందులో ఫోటో స్టూడియో నాది. నా కొట్టుకూ ఆయన కొట్టుకూ మధ్య ఒకటే గోడ. ముప్పై ఏళ్ళుగా నేను జనానికి చెప్పేది ఒకటే మాట, "కండ్లు తెరువున్రి." గోడ అవతల మూడేళ్ళుగా ఆయన చెప్పేది, "కండ్లు మూస్కోన్రి." పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్ళు ముందు ఆయన చేతికి చిక్కేవాళ్ళు. అక్కడ కళ్ళు మూసుకుని, మూసుకుని, నా స్టూలెక్కేసరికి ఫ్లాష్ వెలగ్గానే రెప్పలు వాటంతటవే వాలిపోయేవి. కళ్ళు మూసుకున్న ఫోటో గిరాకీ చేతికి ఇవ్వకూడదని నాకో ఒట్టు ఉంది. ఒక్కొక్కరిని పదేసి సార్లు తీసేవాణ్ణి. న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి పదకొండోసారి కూడా కళ్ళు మూసి, మూసిన కళ్ళతోనే నాకు "ఎరడు" అని జవాబు చెప్పాడు.

"బస్వన్నా, నా ధందా ఖరాబైతున్నది!" అని గోడ మీద కొట్టి అరిచేవాణ్ణి.

"అరే జగ్గూ, మంచి టైముకు పిలిచినవ్! ఇటు రా, ఒక్కపారి కండ్లు మూస్కో!" అని గోడ అవతల నుంచి వినబడేది.

వెళ్ళేవాణ్ణి. సిగ్గులేదు నాకు.

ఇంతకీ ఆ గంట సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఝరాసంగం నుంచి మొగుడంపల్లి దాకా ఏ ఇంట పెళ్ళయినా బస్వరాజ్ ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. ఆయన దగ్గర ఎనభైల కాలపు డిజిటల్ సింథసైజర్ ఒకటి ఉండేది. బొంబాయిలో ఎవరో వాడి వదిలేసిన మిషన్. ప్రతి పాటకు ముందూ కుడిచేత్తో దానిమీద ఒక గంట కొట్టేవాడు, ఎడమచేత్తో కింద ఒక బరువైన స్వరం పట్టి ఉంచేవాడు. ఆ గంట గాలిలో సాగి సాగి, సన్నబడి, ఇక అయిపోయిందిరా అనుకునే చోట ఆ ఆర్కెస్ట్రాలో పాడే బాలమణక్క గొంతు అందుకునేది. అబ్బ, ఏం అందుకోవడం అది! వంటవాళ్ళు గరిటెలతో సహా పందిట్లోకి వచ్చేసేవాళ్ళు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తాళి చేతిలో పట్టుకుని పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడంటారు. నేను చూడలేదు గాని నమ్ముతాను.

మూడేళ్ళ కింద వానాకాలంలో కొట్టు కప్పు కారి ఆ మిషన్ తడిసి చచ్చింది. బస్వరాజ్ కొత్త కీబోర్డు తెచ్చి తన ఇనుప స్టాండ్ మీద పెట్టాడు. దాంట్లో వెయ్యి సౌండ్లున్నాయి. వీణ ఉంది, సన్నాయి ఉంది, హెలికాప్టర్ కూడా ఉంది. ఆ గంట ఒక్కటే లేదు.

"లేకుంటె ఏంది? నేను తయారు జేస్త," అన్నాడు. ఊరు ఊరంతా కళ్ళు మూసుకోవడం అప్పుడు మొదలైంది.

"అసలు ఆ సౌండ్ ఎట్ల పుడ్తదన్నా?" అని ఒకసారి నోరు జారి అడిగాను. ఆ రోజు నేను ఇంటికి భోజనానికి వెళ్ళలేదు.

"ఇను జగ్గూ! పాత మిషన్ల ఆరుగురు అన్నదమ్ములుంటరు. ఒగడు పాడుతడు. ఎన్క ఇంకోడు నిలవడి వాన్ని గిల్లుతడు. గిల్లంగనే వాడు టింగ్‌మంటడు. మెల్లగ గిల్లితె పిల్లనగ్రోవి. గట్టిగ గిల్లితె గంట. ఇంక గట్టిగ గిల్లితె రేకుల మీద రాళ్ళవాన!"

"మరి కొత్త దాంట్ల?"

"దీంట్ల గూడ ఆరుగుర్ని నిలవెట్టొచ్చు. గని ఎవడు ఎవన్ని గిల్లాలె, ఎంత గిల్లాలె, ఎప్పుడు ఇడ్చిపెట్టాలె, అన్నీ మనమే చెప్పాలె. సున్నా నుంచి తొంభై తొమ్మిది దాంక నంబర్లుంటయి. డెబ్బై రెండు పెట్టిన, గుడి గంటొచ్చింది. డెబ్బై నాలుగు పెట్టిన, సైకిల్ బెల్లొచ్చింది."

"అయితె డెబ్బై మూడు పెట్టు."

"పెట్టిన! ఐస్‌క్రీం బండొచ్చింది!"

అన్నం తినకుండా నవ్వాను ఆ రోజు. ఆయన నవ్వలేదు. "ఇంకోటున్నది. పాత మిషన్ల గంట ఆఖర్ల ఇసుక రాలినట్టు గరగరమంటది. కొత్తది మరీ సాఫ్ వస్తున్నది. సాఫున్న సౌండ్‌ను సరిగ్గ గంతే ఖరాబు జేసుడు ఎంత కష్టమో నీకేం తెలుసు!" అని నా మీదే విసుక్కున్నాడు.

పోల్చి చూడడానికి ఆయన దగ్గర ఒక క్యాసెట్ ఉంది. ఆర్కెస్ట్రా రోజుల్లో పాత మిషన్ నుంచి వైరు లాగి నేరుగా ఎక్కించినది. ఒక గంట ఆ క్యాసెట్‌లోది, ఇంకొక గంట కొత్త కీబోర్డుది. ఈ రెంటికీ తేడా ఎవరూ పట్టలేని రోజు కోసం ఆయన ఎదురుచూపు. ఇంట్లో ఆయన భార్య సంగమ్మ వదినకు కూడా ఈ పరీక్ష తప్పేది కాదు. "రొట్టె చేసుకుంట గూడ కండ్లు మూస్కోమంటడు జగదీశా. చెయ్యి కాలితె గూడ, ఆగు, ఒందా ఎరడా చెప్పి అరువుమంటడు," అని ఆవిడ నా దగ్గర మొర పెట్టుకునేది.

తల నెరిసినవాళ్ళు కనబడితే మాత్రం బస్వరాజ్ మరీ రెచ్చిపోయేవాడు. పింఛన్ల లైనులో ఒక ముసలాయన్ని వదిలేవాడు కాదు. ఊళ్ళో కంటి ఆపరేషన్ల శిబిరం పెడితే, ఆయన కీబోర్డు సంకలో పెట్టుకుని పరిగెత్తాడు.

"ఎందుకన్నా అక్కడికి?" అన్నాను.

"అందరి కండ్లకు పట్టీలే జగ్గూ! మూస్కోమని అడిగే పనే లేదు!"

వరసగా మంచాల మీద ఇరవైమంది. టింగ్... టింగ్... "ఒందా, ఎరడా?" చివరి మంచం మీది నారమ్మ అనే ముసలామె శ్రద్ధగా విని, "గంట గొట్టిన్రు గదా బిడ్డా, అన్నం బెడుతున్నరా?" అంది. అక్కడి నర్సు కీబోర్డును, బస్వరాజ్‌ను విడివిడిగా బయటికి పంపింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. కాని ఆర్కెస్ట్రా అడిగినవాళ్ళకు మాత్రం ఒళ్ళు మండేది. మూడేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళ వాళ్ళు వచ్చారో! అందరికీ ఒకటే జవాబు. "సౌండ్ సెట్ కాలే. తప్పు నాది." ఎవరెంత బతిమాలినా అంతే. కొత్త కీబోర్డులో ఉన్న గంటతోనే కానివ్వమన్నా అంతే. "పొగరు నెత్తికెక్కింది," అని తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు. పిచ్చోడన్నారు, సోమరిపోతన్నారు. బాలమణక్క లాంటి గొంతును మూలన కూర్చోబెట్టాడని నేను కూడా తిట్టాను, దాచడమెందుకు?

పోయిన నెలలో ఒక సోమవారం ఫ్యాక్టరీ ఇంజనీరు వెంకటేశ్వరరావు గారూ, ఆయన భార్య సరోజిని గారూ నా స్టూడియోకు వచ్చారు. కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయినవాళ్ళు. చేతిలో పాత పెళ్ళి ఆల్బం.

"జగదీశ్ గారూ, ఈ ఆదివారం నా రిటైర్మెంట్ ఫంక్షనండీ. మధ్యాహ్నం హాల్లో భోజనాలు. ఈ ఫోటో పెద్దది చేసిపెట్టాలి. కాస్త నా కళ్ళు కూడా తెరవాలండీ."

చూశాను. ముప్పై ఏళ్ళ కింద ఫ్యాక్టరీ కాలనీలో వాళ్ళ రిసెప్షన్‌కు నేను తీసిన ఫోటో అది. నా మొట్టమొదటి కార్యక్రమం. వేదిక మీద కొత్త దంపతులు, వెనక బస్వరాజ్ ఆర్కెస్ట్రా. పెళ్ళికొడుకు కళ్ళు శుభ్రంగా మూసుకుని ఉన్నాడు. ఆ రోజు పడ్డ సిగ్గుతోనే నేను ఆ ఒట్టు పెట్టుకున్నాను.

"కంప్యూటర్‌లో తెరిపిస్తాను సార్," అన్నాను తల వంచుకుని.

"ఇంకో మాటండీ," అన్నారు సరోజిని గారు. "ఆ రోజు వీళ్ళే పాడారు. ఆదివారం కూడా వీళ్ళే పాడితే బాగుంటుందని మా ఇద్దరి కోరిక. ఆ గంట మోగి, ఆవిడ అందుకుంటే... అది వినాలండీ మళ్ళీ ఒక్కసారి."

చేసిన తప్పు దిద్దుకునే ఆవేశంలో నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "నాదీ పూచీ!" అనేశాను. వాళ్ళు ఆల్బం నా దగ్గరే వదిలి ఆనందంగా వెళ్ళిపోయారు. నేను గోడ వైపు చూశాను. అవతల నుంచి టింగ్‌మంది.

వెళ్ళి చెప్తే బస్వరాజ్ ఎప్పటిలా "సెట్ కాలే" అనలేదు. కాసేపు తనే కళ్ళు మూసుకున్నాడు. "దగ్గరికొచ్చిన జగ్గూ. ఐదారు దినాలల్ల అయితదేమో. గని ఒక్క మాట. ఈసారి సౌండ్ వస్తె బాలమణక్క పాడుతది. రాకపోతె ఇంక ఎన్నడు పాడనన్నది. ఇదే ఆఖరు."

"సౌండుకేమన్నా, ఆమె ఎట్లయిన పాడుతది గదా!"

"నీకు తెల్వది, ఊకో," అన్నాడు. ఎప్పుడూ అలా కసురుకోడు.

ఇక ఆ వారం చూడాలి! మంగళవారం గంటకు తల దొరికింది. బుధవారం తోక దొరికింది. సందులో నడిచేవాళ్ళందరూ డబ్బా మీద కూర్చుని లేవడమే. నేను కూడా కెమెరా వదిలేసి మనుషులను పట్టుకొచ్చి కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. గురువారం మధ్యాహ్నం ముప్పైమందికి వినిపించాం. సగంమంది ఒందు అన్నారు, సగంమంది ఎరడు అన్నారు. ఎవరికీ తేడా తెలియడం లేదు!

"వచ్చింది! అరే, వచ్చిందిరా!" అని బస్వరాజ్ నన్ను గాలిలోకి ఎత్తాడు. యాభై దాటిన మనిషిని నేను, నడుము పట్టేసింది. సందంతటికీ చాయ్ తాగించాడు. కీబోర్డును ఆటోలో పెట్టుకుని, బాలమణక్క ఇంటికి దౌడు తీశాడు.

గంటలో తిరిగొచ్చాడు. ముఖంలో రక్తం చుక్క లేదు.

"అక్క కాదన్నది."

"ఊరంత ఒక్కటే అన్నది గదా!"

"అక్కకు గాలే. ఖతం. జగ్గూ, సార్‌కు చెప్పు. సౌండ్ సెట్ కాలే. తప్పు నాది అని చెప్పు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు పొద్దున్నే బాలమణక్క ఇంటికి వెళ్ళాను. ఆవిడ చాయ్ పెట్టడానికి పొయ్యి వైపు తిరిగింది. ఆవిడ వీపు చూస్తూ నేను దంచేశాను. "అక్కా, ఆ పిచ్చోని మాట పట్టుకొని నీ గొంతును మన్నుల గలుపుతున్నవ్! వాని గంట లేకుంటె నువ్వు పాడలేవా? ఇంకో కీబోర్డాయన్ని నేను తీస్కొస్త. వాడు పొగరుబోతు, నీ బతుకు ఆగం జేసిండు!" ఇంకా చాలా అన్నాను. ఆవిడ ఒక్క మాటకూ పలకలేదు. కోపం వచ్చిందేమోనని నాకే భయం వేసింది.

అక్క చాయ్ గ్లాసుతో ఇటు తిరిగింది. నా ముఖం చూసి నవ్వుతూ, "ఏమన్న అంటున్నవా తమ్మీ? నా మొఖం జూసి చెప్పాలె," అంది.

గ్లాసు అందుకుని ఆవిడ చెవుల వైపు చూశాను.

అక్క నా ఎదురుగా కూర్చుని, చీర కొంగు ముడి విప్పి చెవి మిషన్ తీసి చూపించింది. "ఇది పెట్టుకుంటె లోకమంత గిన్నెలు కింద పడ్డట్టే ఇనవడ్తది. ఏడెనిమిదేండ్లాయె చెవులు మందగించి. ఎవ్వరికి చెప్పలే. బస్వరాజ్‌కు గూడ చెప్పలే. ఆ గంట ఒక్కటే నాకు దారి జూపెట్టేది. అది మోగితె శ్రుతి నాలోపల వచ్చి నిలవడేది. దాన్ని పట్టుకొని పాడుకుంట వచ్చిన."

"మరి?"

"మూడేండ్ల కింద ఒక పెండ్లి. గంట మోగింది, నాకు ఏం తెలుస్తలేదు. ఎక్కడ్నో ఎత్తుకున్న. జనం నవ్వబోయిన్రు. బస్వరాజ్ నా మొఖం జూసిండు. ఒక్క సెకండు తమ్మీ, అంతే! ప్లగ్గు గుంజి పారేసి, మైకు అందుకొని, 'మిషన్ ఖరాబైంది, తప్పు నాది, మాఫ్ చేయున్రి' అన్నడు. మిషన్‌కు ఏం గాలే ఆ దినం."

"వానకు తడిసి పాడైందన్నడు గదా?"

"అది తర్వాత. అబద్ధమాడి, గుడ్డ కప్పి మూలకు పెట్టిండా? రెండు నెలలకు కప్పు కారి నిజంగనే చచ్చింది!" ఆ మాట చెప్తూ అక్క పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అప్పటి సంది ఊరంత వాన్నే తిడుతున్నది. నన్ను ఒక్కలు ఒక్క మాట అనలే. నా ఈడోళ్ళకు ఆ గంట ఎట్ల ఇనవడ్తదో అని ముసలోళ్ళ ఎంబడి వడి తిరుగుతున్నడు. నేను పాడుత తమ్మీ. పాడాలని నాకు మాత్రం లేదా? గని ఆ గంట నా లోపలికి వస్తలేదు."

ఎలా తిరిగొచ్చానో తెలియదు. పింఛన్ల లైను, కంటి శిబిరం, "నీకు తెల్వది, ఊకో" అన్న కసురు, అన్నీ ఒక్కసారి నెత్తి మీద పడ్డాయి. నేనన్న మాటలు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. స్టూడియోలో ఏం చేయాలో తోచక, కనీసం ఆ ఇంజనీరు గారి కళ్ళయినా తెరుద్దామని ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేశాను.

పెళ్ళికొడుకు భుజం వెనక బాలమణక్క ఉంది, పాట ఎత్తుకోబోతూ. ఆవిడ కుడిచేతి వేళ్ళు దేనిమీదో ఆనించి ఉన్నాయి. ఇంకా పెద్దది చేశాను. చిన్న స్టీలు డబ్బా. గొంతుకు కలకండ పెట్టుకునే డబ్బా అది, నాకు తెలుసు. ఆ డబ్బా దేనిమీద ఉంది? పెద్ద స్పీకర్ డబ్బా మీద. దాని పక్కనే, అదే స్పీకర్ మీద, సింథసైజర్.

కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాను. ఆల్బంలో మిగతా ఫోటోలన్నీ తిరగేశాను. ప్రతి దాంట్లోనూ అంతే. పాట ఎత్తుకోబోయేటప్పుడు అక్క వేళ్ళు ఆ స్టీలు డబ్బా మీదే ఉన్నాయి.

గోడ మీద కొట్టలేదు, గోడ పగిలేలా గుద్దాను. "బస్వన్నా! నీ కీబోర్డుకు ఇనుప స్టాండ్ ఎప్పుడు కొన్నవ్?"

"ఎందుకు?"

"చెప్పన్నా!"

"మూడేండ్లాయె... ఆ ఆఖరి పెండ్లికే మొదటిసారి పెట్టిన. దానికి ముందట స్పీకర్ డబ్బా మీదనే పెడుతుంటి..." మాట ఆగిపోయింది. నేను అప్పటికే ఆయన కొట్టులో ఉన్నాను. ఫోన్‌లో ఫోటో ఆయన ముఖానికి ఆనించి పట్టుకున్నాను.

"కండ్లు తెరువన్నా! జనం కండ్లన్నీ మూపిచ్చినవ్, ఇది జర కండ్లు తెరిచి చూడు! అక్క చెవులతోటి ఇంటలేదు. వేళ్ళతోటి ఇంటున్నది! నువ్వు ఎడమచేత్తో కింద స్వరం పట్టంగనే స్పీకర్ అదురుతది, దాని మీద డబ్బా అదురుతది, అక్క వేళ్ళల్లకు శ్రుతి ఎక్కుతది! నువ్వు స్టాండ్ కొన్నవ్, కలకండ డబ్బా ఏ కుర్చీ మీదికో పోయి ఉంటది!"

బస్వరాజ్ ఫోటో చూశాడు. స్టాండ్ చూశాడు. ఈ మూడేళ్ళూ జనాన్ని కూర్చోబెట్టిన పాత స్పీకర్ డబ్బాను చూశాడు. అప్పుడే దాని మీద మిక్సీ గిన్నెతో ఒకాయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు, పాపం.

"అక్క నీకు అంత చెప్పిందా?" అన్నాడు మెల్లగా.

"చెప్పింది."

నెమ్మదిగా ఆయన ముఖం వెలిగింది. "జగ్గూ! అంటె తప్పు నిజంగనే నాది! మూడేండ్ల సంది అబద్ధమాడుతున్న అనుకున్న. నేను ఒక్క అబద్ధం గూడ ఆడలే!" అని నన్ను మళ్ళీ ఎత్తబోయాడు. నేను తప్పించుకున్నాను. డబ్బా మీది పెద్దమనిషి కళ్ళు తెరవకుండానే, "ఎరడు," అన్నాడు.

శనివారమంతా స్పీకర్ డబ్బాకు ప్రాణం పోయడంలో గడిచింది. అక్కను రమ్మనలేదు. ఆశ పెట్టి మళ్ళీ కాదంటే తట్టుకోలేదని బస్వరాజ్ భయం. "సీదా స్టేజి మీదనే. వస్తె వస్తది," అన్నాడు. రాత్రికి నాకే జ్వరం వచ్చినట్టయింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. వేదిక మీద స్టాండ్ లేదు. స్పీకర్ మీద కీబోర్డు, దాని పక్కన స్టీలు డబ్బా. అక్క రానన్నది, సరోజిని గారు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. వేదికెక్కి ఆ డబ్బాను చూసి, "అరే, నా కలకండ డబ్బా! మళ్ళ ఇక్కడ పెట్టినవా?" అంది. అలవాటుగా వేళ్ళు దానిమీద ఆనించింది. మేమేమీ చెప్పలేదు. నేను కెమెరా ఎత్తిపట్టుకున్నాను.

టింగ్...

గంట సాగింది. సన్నబడింది. చివర ఇసుక రాలింది. అక్క ముఖంలోకి చూస్తున్నాను. ఆవిడ వేళ్ళు ఉలిక్కిపడ్డాయి. తల ఎత్తి బస్వరాజ్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఇక అయిపోయిందిరా అనుకున్న చోట అక్క అందుకుంది.

ఏం చెప్పను! పాత గొంతు కాదు, కాస్త బొంగురుపోయింది. శ్రుతి మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. వంటవాళ్ళు గరిటెలతో వచ్చేశారు. వాళ్ళను చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

పాట అయ్యాక అక్క మైకు వదల్లేదు. "అందరు జర ఇనున్రి. నాకు చెవులు ఇనవడవు. మూడేండ్ల సంది ఈ బస్వరాజ్ తప్పు నాది, తప్పు నాది అని మీ తిట్లన్నీ తిన్నడు. అవి నావి. ఎవరెవరు తిట్టిన్రో లేచి వచ్చి వానికి ఒక్కొక్క జిలేబి తినిపియ్యున్రి," అంది.

హాలంతా లేచింది. నేనూ లైనులో నిలబడ్డాను. ఇరవయ్యో జిలేబి దగ్గర బస్వరాజ్ చేతులు జోడించాడు. "ఇంక వద్దు, మాఫ్ చేసిన, అందరిని మాఫ్ చేసిన!" అని నోరు మూసుకున్నాడు.

తర్వాత ఇంజనీరు గారికి ఫోటో ఇస్తూ, "సార్, మీ కళ్ళు ఇంకా తెరవలేదు," అన్నాను. ఆయన అక్కడే అందుకుని చూసి, "వద్దులెండి జగదీశ్ గారూ. అప్పుడు గంట మోగుతోందండీ," అన్నారు.

అక్క పాట ఎత్తుకున్న క్షణంలో నేను తీసిన ఫోటో ఇంటికొచ్చి చూశాను. అక్క కళ్ళు మూసుకుని ఉంది. బస్వరాజ్ మూసుకున్నాడు. ఇంజనీరు గారూ, సరోజిని గారూ మూసుకున్నారు. ముందు వరసంతా మూసుకుంది. నేను కూడా మూసుకునే నొక్కానని అప్పుడు గుర్తొచ్చింది.

దాన్ని రెండు రకాలుగా తయారుచేశాను. ఒకటి ఉన్నదున్నట్టు. రెండోదాంట్లో కంప్యూటర్‌తో అందరి కళ్ళూ తెరిపించాను. రెండూ పట్టుకుని పక్క కొట్టుకు వెళ్ళాను. గంట అయిపోయింది కదా, ఇక మిక్సీలు బాగవుతాయనుకున్నాను. బస్వరాజ్ అప్పటికే పాత మిషన్‌లోని పిల్లనగ్రోవి మీద పడ్డాడు.

"అన్నా, షాపు ముందట పెడుత. ఏది మంచిగున్నది చెప్పు. ఒందా, ఎరడా?"

రెండు ఫోటోలూ చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు చూశాడు. తర్వాత గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"బస్వన్నా, ఇది ఫోటో! కండ్లు తెరిచి చెప్పాలె!"

"ఆగు జగ్గూ, ఇననియ్యి," అన్నాడు. కాసేపయ్యాక నవ్వి, "ఒందు," అన్నాడు.

ఇప్పుడు నా స్టూడియో అద్దాల్లో అన్నిటికన్నా పెద్ద ఫోటో అదే. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "గీళ్ళంత కండ్లెందుకు మూస్కున్నరు?" అని అడుగుతారు. "పక్క షాపుల అడుగున్రి," అని నేనే పంపిస్తాను. తిరిగొచ్చాక ఒక్కొక్కరిని పదేసి సార్లు తీయాల్సి వస్తుంది. తీస్తాను.